దసరా సెలవులకు మా తోటకు వచ్చేవారు ముందుగా తెలుసుకోవలసిన సంగతులు

మా తోటలో బస చేసి వెళ్ళినవారికీ, ఈ దసరా సెలవులకు గదులు కావాలని ఇప్పటికే ఫోన్ చేసినవారికీ నమస్కారం. చిత్తూరు నుంచి కాణిపాకం వెళ్ళే దారికి కాస్త లోపలగా, మామిడి చెట్ల మధ్య మేము నడుపుతున్న మూడు గదుల బసలో ఈ సీజన్ నుంచి కొన్ని మార్పులు చేస్తున్నాము. వాటిలో కొన్ని మీకు నచ్చుతాయి, కొన్ని నచ్చకపోవచ్చు. డబ్బు కట్టి, పిల్లలను వెంటబెట్టుకొని, బెంగళూరు నుంచో చెన్నై నుంచో గంటల తరబడి ప్రయాణం చేసి వచ్చాక నిరాశపడడం కంటే, ఇక్కడ ఏమి ఉంటుందో, ఏమి ఉండదో ఇంట్లో ఉండగానే తెలుసుకోవడం మేలు కదా.

అన్నిటికంటే పెద్ద మార్పు, రోజువారీ కార్యక్రమాల పట్టికను తీసివేయడం. ఉదయం పాలు పితకడం, ఆ వెంటనే ఎడ్లబండి, ఎండ ముదరకముందే మట్టి బొమ్మలు, చీకటి పడ్డాక నెగడు చుట్టూ పాటలు అని గంటల లెక్కన ఒక పట్టిక గోడకు తగిలించి ఉండేది. పెద్ద పిల్లల బృందాలకు అది బాగానే నడిచింది. ఐదారేళ్ళలోపు పిల్లలున్న ఇళ్ళకు మాత్రం అది పొసగలేదు. దూడ నాలుక గరుకును అరచేతిలో తడిమి చూస్తూ, నవ్వుతూ, మళ్ళీ చేయి చాపుతూ కూర్చున్న పాపను బండి కట్టారు రమ్మని లేవదీస్తే ఏడవక ఏమి చేస్తుంది? ఆ ఏడుపు ఆపడానికి తల్లి, బండి ఆపడానికి తండ్రి, అందరూ అలసిపోయి మధ్యాహ్నానికి గది చేరేవారు. సెలవు తీసుకొని వచ్చి కూడా గడియారం వెంట పరుగెత్తడమెందుకు? ఇకమీదట తోటలో ఆ రోజు ఏ పని జరుగుతుంటే దానిని చూడవచ్చు, ఇష్టమైతే ఒక చేయి వేయవచ్చు, లేకపోతే చింతచెట్టు కింద నులకమంచం మీద పడుకోవచ్చు. ఇక్కడ పిల్లలకు ఆటలు ఆడించే మనుషులు లేరు, ఈతకొలను లేదు, రెయిన్ డాన్సులు లేవు, గదుల్లో టీవీ కూడా లేదు. ఇవి కావాలనుకునేవారికి తిరుపతి చుట్టుపక్కల మంచి రిసార్టులు ఉన్నాయి, నిస్సంకోచంగా అక్కడికి వెళ్ళండి.

ఒక్క రాత్రికి గది ఇవ్వడం కూడా మానేస్తున్నాము. తిరుమల దర్శనం ముగించుకొని వచ్చి పడుకొని, తెల్లవారగానే కాణిపాకం వినాయకుని చూసి ఊరికి బయలుదేరేవారికి మా గది ఖరీదు దండగే, వారికి చిత్తూరు బస్టాండు దగ్గరి లాడ్జి చాలు. పట్నంలో పెరిగిన పసివాడు మొదటి రోజంతా పేడ వాసనకు ముక్కు మూసుకొని, కోడి దగ్గరకు వస్తే తండ్రి భుజమెక్కి, ఫోన్ ఇమ్మని మారాం చేస్తూనే గడుపుతాడు. రెండవ రోజు ఉదయం మీరు లేవకముందే చెప్పులు కూడా వేసుకోకుండా కోళ్ళ గూడు దగ్గర నిలబడి ఉంటాడు. ఆ రెండవ ఉదయం చూడకుండా వెళ్ళిపోయేవారికి మేము ఇవ్వగలిగినది ఏమీ లేదు. అందువల్ల కనీసం రెండు రాత్రులు, వీలైతే మూడు రాత్రులు ఉండేలా చూసుకోండి.

ఏ నెలలో ఏమి ఉంటుందన్న ప్రశ్న అందరూ అడుగుతారు. దసరా నాటికి మా మెట్ట పొలంలో చెనక్కాయలు, అంటే వేరుశనగ, పీకుడుకు వస్తాయి. ఆ ముందు ఒక వాన పడి నేల మెత్తబడి ఉంటే మూడేళ్ళ పిల్ల కూడా రెండు చేతులతో చెట్టు పట్టుకొని వెనక్కి పడుతూ లాగగలదు, వేళ్ళకు గుత్తులుగా వేలాడే కాయలను చూసి మొదట నమ్మదు. కోసిన కాయలను అక్కడే ఉప్పు వేసి ఉడకబెడతాము. నేల గట్టిపడిపోతే మాత్రం ఆ పని కూలివాళ్ళకే కష్టం, పిల్లలను పొలంలోకి దింపము. ఆ తరువాత ఈశాన్య రుతుపవనాల వానలు మొదలవుతాయి. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు బంగాళాఖాతంలో వాయుగుండం పట్టిందంటే మా మట్టిబాట బురదమయమవుతుంది, చిన్న కార్లు కూరుకుపోతాయి. అటువంటి హెచ్చరిక వచ్చినప్పుడు మేమే ఫోన్ చేసి రావద్దని చెప్పి, కట్టిన డబ్బు మొత్తం తిరిగి పంపుతాము.

నన్ను అడిగితే చిన్నపిల్లలతో రావడానికి అన్నిటికంటే మంచి కాలం డిసెంబరు చివర. పొద్దున మంచు పడుతుంటుంది, అనపకాయలు వస్తుంటాయి. మంచు పడితేనే అనపకాయకు సొన పట్టి ఆ వాసన వస్తుందని చిత్తూరు వారికి చెప్పనక్కరలేదు. రాత్రి నానబెట్టిన గింజలను పొద్దున మా అత్తగారు చాప మీద పళ్ళెంలో పోసుకొని కూర్చుంటారు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య గింజను పెట్టి నొక్కితే తోలు వేళ్ళలో మిగిలి పప్పు ఎగిరి పళ్ళెంలో పడుతుంది, పిల్లలు పితికితే పళ్ళెంలో తప్ప అన్నిచోట్లా పడుతుంది. ఎదుటివాడి ముఖం మీదికి గురిపెట్టే మొనగాళ్ళూ ఉంటారు. అత్తగారు కోప్పడరు, కింద పడినవి కోళ్ళకు పోతాయి. మధ్యాహ్నం రాగిసంగటితో ఆ పితికిపప్పు కూర వడ్డించినప్పుడు, ఇంట్లో కూర ముట్టని పిల్లలు తాము పితికినది ఏదో వెతుక్కుంటూ తింటారు.

ఆ రోజుల్లోనే చెరకు నరుకుడు, బెల్లం గానుగ మొదలవుతాయి. గానుగ మాది కాదు, పక్క ఊరి బంధువులది. వారు ఆడుతున్న రోజున తీసుకువెళ్తాము. చెరకు రసం పెద్ద పెనంలో మరుగుతుంటే కింద చెరకు పిప్పినే మంటగా వేస్తారు, సున్నపు తేట పోసి పైకి తేలిన మడ్డిని తీసివేస్తారు, పాకం ముదిరాక దించి ఆరబోసి ముద్దలు కడతారు. చూడడానికి ముచ్చటైన పని, కానీ సలసల మరిగే పెనం అది. అందువల్ల అక్కడ కట్టిన తాడుకు ఇవతలే నిలబడాలి, పదేళ్ళలోపు పిల్లల చేయి పెద్దవారి చేతిలోనే ఉండాలి. ఫోటో కోసం పాపను ఎత్తుకొని తాడు దాటినవారిని మేము వెనక్కి పిలిచినప్పుడు నొచ్చుకోవద్దు.

ఇక మామిడి. ఏప్రిల్ నెలాఖరున బడులకు సెలవులు ఇవ్వగానే పండ్లు కోసుకోవచ్చా అని ఫోన్లు వస్తాయి. ఏప్రిల్‌లో చెట్టున ఉండేది పచ్చికాయే. మాకు బేనీషా, అంటే బంగినపల్లి, మే నెలలో మొదలవుతుంది, తోటలో ఎక్కువ భాగం ఉన్న తోతాపురి పక్వానికి వచ్చేది జూన్, జూలై నెలల్లో, అంటే పిల్లలు మళ్ళీ బడికి వెళ్ళిన తరువాత. కాబట్టి మామిడిపండ్ల కోసమే వచ్చేవారు మే మూడవ వారం తరువాత రండి. మేము కాయలను వరిగడ్డిలో మాగవేస్తాము, కార్బైడు వాడము, అది చట్టప్రకారం కూడా నిషిద్ధం. గడ్డిలో మాగడానికి సమయం పడుతుంది గనుక మీరు ఉన్న రోజున పండ్లు సిద్ధంగా ఉంటాయని మాట ఇవ్వలేము.

తోట ఉండగా ఈ గదుల వ్యాపారమెందుకని కొందరు అడుగుతారు. తోతాపురి రసానికి పనికివచ్చే కాయ, దాని ధర గుజ్జు ఫ్యాక్టరీల చేతిలో ఉంటుంది. 2025 సీజన్‌లో ధర పడిపోయి, ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు కలిపి 12 రూపాయలు రైతుకు అందాలని నిర్ణయించవలసి వచ్చింది. కాయలతో ట్రాక్టర్లు ఫ్యాక్టరీ గేట్ల ముందు వరుసకట్టి ఎదురుచూడడం జిల్లా అంతా చూసింది. కోత కూలి, బాడుగ పోగా మిగిలేది తలచుకుంటే మీరు ఇచ్చే గది అద్దె ఈ చెట్లను నిలబెడుతున్నదని చెప్పడానికి నాకు మొహమాటం లేదు. అయినా ఇది మొదట తోట, ఆ తరువాతే బస. పూత సమయంలో, అంటే సంక్రాంతికి అటూ ఇటూ, తేనెమంచు పురుగుకూ బూడిద తెగులుకూ మందు కొట్టక తప్పదు. మందు కొట్టే రోజున, ఆ మరుసటి రెండు రోజులూ ఏ కుటుంబానికీ గది ఇవ్వము. ఆ తేదీ వాతావరణాన్ని బట్టి వారం ముందు కానీ తేలదు గనుక జనవరి, ఫిబ్రవరి నెలల్లో గది తీసుకునేవారికి తేదీ మార్చవలసి రావచ్చు. ఈ షరతుకు ఒప్పుకుంటేనే ఆ నెలల్లో డబ్బు కట్టండి.

పశువుల గురించి ఒక ముక్క. మా దొడ్డిలో ఒక పుంగనూరు ఆవు, దాని దూడ ఉన్నాయి. ఈ జాతి ఆవు సుమారు 70 నుంచి 90 సెంటీమీటర్ల ఎత్తే ఉంటుంది, అందువల్ల పసిపిల్లలు దాని కళ్ళలోకి నేరుగా చూడగలరు, భయం త్వరగా పోతుంది. పలమనేరులోని పశు పరిశోధన కేంద్రంలో ఈ జాతిని కాపాడుతున్నారు, ఆసక్తి ఉన్నవారు దాని గురించి చదువుకోవచ్చు. అయితే మీ కాఫీలో కలిసేవి పుంగనూరు పాలని ఎవరైనా చెబితే నమ్మవద్దు. అది ఇచ్చే కొద్ది పాలూ దాని దూడకే సరి, మీరు తాగేవి జెర్సీ సంకర ఆవుల పాలు. పొదుగు కింద పట్టిన పచ్చిపాలను అక్కడే తాగించమని కొందరు తాతయ్యలు పట్టుబడతారు. కాచని పాలతో పశువుల రోగాలు మనుషులకు సోకే ప్రమాదముంది, కాబట్టి మా దగ్గర పాలు పొంగు వచ్చాకే గ్లాసులోకి వస్తాయి. దొడ్డిలోంచి వచ్చిన ప్రతిసారీ పిల్లల చేతులు సబ్బుతో కడిగించండి. సబ్బు, నీళ్ళు దొడ్డి తలుపు పక్కనే పెట్టాము.

పాత దిగుడు బావి మీద ఇనుప జల్లెడ బిగించి తాళం వేశాము. మా మామగారి తరం అందులోనే బెండ్లు కట్టుకొని ఈత నేర్చుకున్నారు, నిజమే, కానీ ఆ తాళం అతిథుల కోసం తెరవము. పిల్లలు నీళ్ళలో ఆడడానికి బోరు పంపు కింద మోకాళ్ళ లోతు సిమెంటు తొట్టి ఉంది. వ్యవసాయానికి పగటిపూట 9 గంటలు వచ్చే కరెంటుతోనే పంపు నడుస్తుంది, కనుక తొట్టి ఎప్పుడు నిండుతుందో కరెంటు చెప్పాలి. నీళ్ళు మోకాళ్ళ లోతే అయినా పక్కన పెద్దవారు ఒకరు కూర్చోవలసిందే. ఆ బాధ్యత మా పనివారి మీద వదిలి వెళ్ళవద్దు.

పాములున్నాయా అని మీరు అడగకపోయినా చెబుతున్నాను, ఉన్నాయి. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి ఈ ప్రాంతపు పొలాల్లో తిరిగేవే. కట్లపాము రాత్రిపూట నేల మీద పడుకున్నవారి పక్కలోకి వస్తుంది. అందుకే ఆరుబయట చాప పరుచుకొని నిద్రపోతామంటే ఒప్పుకోము, మంచమూ దోమతెరా తప్పనిసరి. చీకటి పడ్డాక టార్చి లేకుండా, కాళ్ళు కప్పే చెప్పులు లేకుండా గడప దాటవద్దు. ఏదైనా జరిగితే నాటువైద్యం మాట ఎత్తకుండా 108కి ఫోన్ చేసి, లేదా మా కారులోనే, నేరుగా చిత్తూరు ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకువెళ్తాము.

భోజనం మా ఇంటి వంటే. రాగిసంగటి, ఊరిబిండి అనే చెనక్కాయల పచ్చడి, పప్పు, ఏదో ఒక ఆకుకూర, పెరుగు. మా జిల్లా కారం పిల్లలకు ఎక్కువ గనుక వారికి వేరుగా వండుతాము, సంగటి మింగలేని పిల్లలకు దోసె ఎప్పుడూ దొరుకుతుంది. నాటుకోడి పులుసు ముందురోజు చెప్పినవారికే. ఆ కోడిని టౌనులో కొని తెస్తాము. పొద్దున పిల్లలు పేరు పెట్టి గింజలు వేసిన కోడిని మధ్యాహ్నం వండిపెట్టే ధైర్యం మాలో ఎవరికీ లేదు.

గది అద్దె రాత్రికి 3,600 నుంచి 4,200 రూపాయలకు పెంచుతున్నాము, మూడు పూటల భోజనం అందులోనే. వంట చేసే ఇద్దరు ఆడవారికి కూలి పెంచాము, చెనక్కాయల నూనె ఖర్చు కూడా పెరిగింది. ఐదేళ్ళలోపు పిల్లలకు ఏమీ తీసుకోము. ఇప్పటికే ముందస్తు సొమ్ము కట్టినవారికి పాత ధరే వర్తిస్తుంది.

భోగి నుంచి కనుమ మరుసటి రోజు వరకు బస మూసి ఉంటుంది, పండుగకు మా ఆడబిడ్డలు, వారి పిల్లలు వస్తారు, గదులు వారికే చాలవు. ఆ రోజుల్లో మా వైపు ఊళ్ళలో జరిగే పశువుల పండుగ చూపించమని అడగవద్దు. కొమ్ములకు పలకలు కట్టి ఎద్దులను జనం మధ్యకు వదిలే వీధిలో చిన్నపిల్లలకు చోటు లేదు.

ఫోన్ సిగ్నల్ పంపుషెడ్డు దగ్గర మాత్రమే బాగా అందుతుంది, ఆఫీసు పని తెచ్చుకునేవారు గమనించాలి. పిల్లలకు మట్టి అయినా బాధపడని పాత బట్టలు నాలుగు జతలు ఎక్కువ తెచ్చుకోండి, వాడే మందులు మరచిపోవద్దు. దసరాకు రెండు గదులు ఇంకా ఖాళీగా ఉన్నాయి. మాట్లాడేటప్పుడు మీ పిల్లల వయసులు చెప్పండి, ఒకే ఈడు పిల్లలున్న కుటుంబాలను ఒకే వారంలో పిలవడానికి ప్రయత్నిస్తాము.