అద్దంలో ఉన్నది ‘షీ’

చిక్కడపల్లి,
ఆదివారం రాత్రి

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది. ఇన్నాళ్లూ జవాబు రాయనందుకు ఏమీ అనుకోకురా. అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గింది, ఆఫీసు ఎప్పటిలాగే ఉంది, ఈసారి ఆవకాయ సగమే పెట్టాం. పచ్చ గొడుగు ఇంకా నా దగ్గరే ఉంది, కంగారు పడకు. అసలు సంగతికి వస్తా. మధ్యాహ్నం నుంచి నీకు చెప్పాలని ప్రాణం కొట్టుకుంటోంది.

మా చెల్లెలి కొడుకు గుర్తున్నాడు కదా, సిద్దిపేటవాడు, పోయినసారి నీ చెప్పులు వేసుకుని వెళ్లిపోయినవాడు. ఏడో తరగతి అయిపోయింది. సెలవులకు మా ఇంటికొచ్చాడు. జూన్ 12న బడి తెరిచేలోగా వాడికి నాలుగు ముక్కలు ఇంగ్లీషు మాట్లాడటం రావాలని చెల్లెలి కోరిక. చదువుతాడు, రాస్తాడు, నోరు తెరవమంటేనే బిగుసుకుపోతాడు. సరేనని ఇంటి దగ్గర ఒక స్పోకెన్ ఇంగ్లీషు క్లాసులో చేర్పించా. అక్కడ తెలుగు మాట ఒక్కటి దొర్లినా 5 రూపాయల ఫైను.

మూడో రోజు నుంచి వాడు ఇంట్లో కూడా మాట్లాడటం మానేశాడురా. అన్నం తింటావా అంటే తల ఊపడమే. నాకు టెన్షన్ పట్టుకుంది. రాత్రి డాబా మీద పడుకున్నాక మెల్లగా అడిగితే చెప్పాడు. అమ్మ గురించి మాట్లాడమన్నారట. ‘మై మదర్ ఈజ్ కమింగ్ టుమారో. ఇట్ ఈజ్ బ్రింగింగ్ సకినాలు’ అన్నాడట. క్లాసంతా నవ్విందట, సారుతో సహా. పైగా సకినాలు అన్నందుకు ఫైను. “అమ్మను ఇట్ అన్నాను మామయ్యా” అని దుప్పట్లో మొహం దాచుకుని ఏడ్చాడు. నాకు కడుపులో దేవినట్టయింది. పిల్లాడు నోరు విప్పిందే మొదటిసారి, దానికి ఆ నవ్వా? సకినాలను ఇంగ్లీషులో ఏమనాలో ఆ సారు చెప్పగలడా?

కాసేపటికి లేపి కూర్చోబెట్టా. “ఒరేయ్, నాన్న వచ్చాడు అంటాం. మరి అమ్మ?” అన్నా. “వచ్చింది.” “బస్సు?” “వచ్చింది.” “కుక్క?” “వచ్చిం...” అని ఆగిపోయాడు. చీకట్లో కూడా వాడి కళ్లు కనిపించాయిరా. మన క్రియ అమ్మకూ బస్సుకూ ఒకటే, ఇంగ్లీషు వాళ్లు షీ వేరు, ఇట్ వేరు పెట్టుకున్నారు, నువ్వు తెలుగు దారిలో వెళ్లి అక్కడ తేలావు అని చెప్పా. “అయితే నాది తప్పు కాదా?” అన్నాడు. తప్పే, కానీ తెలివితక్కువతనం కాదు అన్నా.

ఇక చూడు, అదే ఆటైపోయింది వాడికి. బస్సు, పెన్ను, కారు అని చివర ‘ఉ’ ఎందుకు తగిలిస్తామో, ‘వెళ్తాను’ మనకు చివర వస్తే వాళ్లకు ‘గో’ మధ్యలోకి ఎందుకు వస్తుందో, ‘ఎ’, ‘ద’ మనకెందుకు లేవో, అన్నీ వాడే పట్టుకొచ్చి అడుగుతాడు. క్లాసు మాన్పించేశా. కట్టిన డబ్బు తిరిగి ఇవ్వలేదు, పోనీ. పొద్దున సిటీ సెంట్రల్ లైబ్రరీ, ఆదివారమైతే ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు. మెట్రోలో స్టేషన్ పేరు తెలుగులో, హిందీలో, ఇంగ్లీషులో చెప్తారుగా, ఇంగ్లీషు రాగానే వాడు పెదాలు కదుపుతాడు. నేను చూడనట్టే కూర్చుంటా.

ఇవాళ ఎంజీబీఎస్ మెట్రో స్టేషన్‌లో దిగి సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్లాం. ముసుగు రెబెక్కా శిల్పం దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. పాలరాతిలో అంత పల్చటి ముసుగు ఎలా చెక్కారని వాడి ప్రశ్న. ఆ తర్వాత, ఇదేరా నేను చెప్పాలనుకున్నది, ఒకే దుంగలో రెండు బొమ్మలున్న ఆ చెక్క శిల్పం ఉంది చూడు, ముందు మెఫిస్టోఫిలిస్ అనే దయ్యం, వెనక మార్గరెట్టా అనే అమ్మాయి, ఆమె అద్దంలోనే కనిపిస్తుంది. అక్కడ ఒక మలయాళీ కుటుంబం ఉంది. ఎనిమిదేళ్ల పాప మా వాడి వైపు తిరిగి, అద్దంలో ఎవరు అని ఇంగ్లీషులో అడిగింది. తెలుగు రాదు, హిందీ రాదు ఆ పిల్లకు. వాడు నా వైపు చూశాడు. నేను గోడ మీది బోర్డు చదువుతున్నట్టు నిలబడ్డా, గుండె దడదడలాడుతోంది.

“ఫ్రంట్ ఈజ్ హీ” అన్నాడు. ఆగాడు. “మిర్రర్ ఈజ్... షీ.” మళ్లీ తనే సర్దుకుని, “హీ ఈజ్ ఇన్ ఫ్రంట్. షీ ఈజ్ బిహైండ్. వన్ ట్రీ, టూ పీపుల్” అన్నాడు. పాప ఇంకేదో అడిగింది. “హీ ఈజ్ ప్రౌడ్, షీ ఈజ్ షై” అన్నాడురా! షై అన్న మాట వాడికి ఎక్కడిదో నాకు తెలియదు. ఎవరూ నవ్వలేదు. పాప తల ఊపి వాళ్ల నాన్నను లాక్కొచ్చి చూపించింది. పన్నెండింటికి ఆ పెద్ద గడియారం ముందు ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. గంట కొట్టే గడ్డం బొమ్మ బయటికి రాగానే “హీ ఈజ్ కమింగ్!” అని మా వాడే ముందు అరిచాడు. గంట కొడుతుంటే ఇద్దరూ కలిసి ట్వెల్వ్ దాకా లెక్కపెట్టారు.

నాకు కళ్లు చెమర్చాయి. మన ఇంటర్ మొదటి సంవత్సరం, ఆ వెనక బెంచీ, నువ్వు ‘ప్రెజెంట్ సార్’ అనడానికి... సరే, అది నువ్వు వచ్చినప్పుడు మాట్లాడుకుందాం.

బుధవారం చెల్లెలు వస్తుంది వాణ్ని తీసుకెళ్లడానికి. అప్పటిలోగా గోల్కొండ చూపించాలి. ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే పైన బాలాహిసార్‌లో ఎలా వినిపిస్తుందో ఇంగ్లీషులో చెప్తానని అప్పుడే రెండు వాక్యాలు రాసుకున్నాడు, ఒకటి నీకు పంపిస్తానన్నాడు, కానీ ఇప్పుడు నిద్రపోతు... పక్కింటాయన ఖమ్మం బస్సుకు బయల్దేరుతున్నాడు, ఉత్తరం ఆయన చేతికే ఇస్తున్నా. కిందినుంచి పిలుస్తున్నాడు. ఉంటా,

నీ
రాజు