దమ్ము చక్రాలు సరే, ట్రైలరు ఏదండీ?

సంపాదకులకు నమస్కారం.

పది పన్నెండు రోజుల క్రితం మీ పత్రిక జిల్లా పేజీలో దమ్ము చక్రాల మీద, అంటే బురద చేను దున్నడానికి ట్రాక్టరుకు టైర్ల బదులు వేసే ఇనుప చక్రాల మీద, అధికారుల హెచ్చరిక వేశారు. ఇనుప చక్రాలతో తారు రోడ్డెక్కితే జరిమానా, మళ్లీ ఎక్కితే కేసు, ట్రాక్టర్లను ట్రైలరు మీద ఎక్కించుకుని చేలకు తీసుకెళ్లాలి అని. ఆ రోజే రాద్దామనుకున్నాను. కాలువకు నీళ్లొచ్చాయి, ఆకుమడి పని తగిలింది, ఆ వెనకే దమ్ములు. ఇవాళ వాన పట్టుకుంది కాబట్టి కూర్చున్నాను.

రోడ్డు పాడుచెయ్యడం నా హక్కని నేను అనడం లేదు. ఇనుప పలకలు తారులోకి దిగితే ఏమవుతుందో మాకు ఎవరూ చెప్పక్కర్లేదు. మా మనవరాలు సైకిలు మీద బడికి వెళ్లేది ఆ గీతల మీదుగానే. నా గొడవంతా ఆ వార్తలో చివరి ముక్కతో. 'ట్రైలరు మీద ఎక్కించుకుని' అట! ఆ మాట అన్నవారు జన్మలో ఒక్కసారైనా ట్రాక్టరును దేనిమీదకైనా ఎక్కించారా అని నా అనుమానం.

నాది చిన్న ట్రాక్టరు. కొబ్బరి చెట్ల వరసల మధ్య తిరగడానికి, ఉన్న రెండెకరాల వరికి, ఖాళీ రోజుల్లో నలుగురి చేలు దున్నడానికి కొన్నాను. 2011లో కోనసీమ రైతులం వరి వెయ్యం అని పంట విరామం ప్రకటించినప్పుడు, కూలీలు దొరకడం లేదు మొర్రో అంటే వచ్చిన ప్రతి పెద్దమనిషీ చెప్పింది ఒకటే, యంత్రాలు కొనుక్కోండని. కొనుక్కున్నాం. 2017లో రైతు రథం పథకం అన్నారు, 2022లో యంత్ర సేవ పథకం అన్నారు, ఫ్లెక్సీ మీద బొమ్మ మారిందే తప్ప ట్రాక్టర్లు మాత్రం ఇస్తూనే వచ్చారు. ఊళ్లో ఎడ్లు పోయాయి. పూర్వం నాగలిని కాడికి తగిలించుకుని ఎడ్లు వాటి కాళ్ల మీద అవే చేలోకి వెళ్లేవి. ఇప్పుడు ఎద్దునే బండెక్కించమంటున్నారు. సరే, ఏ బండి?

టైర్లతో చేనిదాకా వెళ్లి అక్కడ చక్రాలు మార్చుకోవచ్చు కదా అంటారు. మొన్న ఒక ఉద్యోగి నాతో అన్నాడు కూడా. చుట్టూ మోకాలి లోతు బురద. జాకీ పెడితే జాకీయే భూమిలోకి దిగిపోతుంది. కింద చెక్క వేసి, నట్లు విప్పి, టైరు ఊడదీసి, ఇనుప చక్రం ఎత్తి బిగించి, సాయంత్రం మళ్లీ అదంతా తిరగేసి చెయ్యాలి. రోజుకు మూడు చేలు మారేవాడికి చక్రాలు మార్చడంతోనే పొద్దు గూకుతుంది. విప్పిన టైర్లను రాత్రికి కాపలా ఎవరు కాస్తారు?

అందుకని పోయిన ఏడాదే, ఎవరూ చెప్పకముందే, ట్రైలరు సంగతి చూద్దామని బయల్దేరినవాణ్ణి నేను. అందరి దగ్గరా ఉండే ట్రక్కు, అదే ట్రాక్టరు వెనక తగిలించే తొట్టి బండి, ఉంది కదా అనుకున్నాను. ధాన్యం బస్తాలకు, మట్టికి, ఇటుకకు చేసిన బండి అది. తొట్టి నేలకు మూడడుగుల పైన ఉంటుంది. ఆరడుగుల చెక్కలు వేస్తే వాలు ముప్ఫై డిగ్రీలకు తగ్గదు. ఇంటి మెట్లంత నిటారు! ట్రాక్టరుకు బరువంతా వెనక చక్రాల మీద ఉంటుంది, ముందుకు ఎక్కిస్తే మూతి పైకి లేస్తుంది. రివర్సులో ఎక్కిద్దామంటే వెనకున్న రోటవేటరు, అంటే మట్టిని గుల్లచేసే పళ్ల యంత్రం, చెక్కకు తగులుతుంది. పైగా రెండు చక్రాల ట్రక్కు అయితే, ట్రాక్టరు బరువు ఇరుసుకు వెనక పడ్డంతసేపూ ట్రక్కు ముందు భాగం గాల్లోకి లేవాలని చూస్తుంది. లాగే బండి వెనక చక్రాలు కూడా దానితోపాటే లేస్తాయి. తొట్టి వెనక రెండు దుంగలు ఊతం పెడితే తప్ప ఎక్కించకూడదు. ఇవన్నీ నేను పుస్తకంలో చదవలేదు. మా మేనల్లుడు చెక్క జారి కిందకు దూకితే తెలిశాయి. వాడికి మోచెయ్యి దోక్కుపోయింది, బండికి స్టీరింగు రాడ్డు వంగింది. అంతటితో పోయింది, మా చెల్లెలికి ఇప్పటికీ పూర్తిగా చెప్పలేదు.

పోనీ చిన్న ఆటో ట్రాలీ పెట్టుకుందామంటే అది ముప్పావు టన్ను బండి. మహీంద్రా యువరాజ్ 215 లాంటి 15 హార్స్‌పవర్ ట్రాక్టరే దాదాపు 780 కిలోలు. రోటవేటరు, ఇనుప చక్రాలు, డీజిలు క్యాన్లు, మనుషులు కలిస్తే టన్ను దాటిపోతుంది. అంటే రోడ్డును కాపాడబోయి ఓవర్‌లోడు కేసులో ఇరుక్కోవాలన్నమాట. 2019 నుంచి దానికి 20,000 రూపాయల జరిమానా, పైపెచ్చు ప్రతి అదనపు టన్నుకు 2,000. పెద్ద పికప్ వ్యాను మోస్తుంది, కాదనను. కాలువ గట్టుకు ఆనించి నిలబెడితే ఎక్కించడమూ తేలికే. కానీ దింపే చోట గట్టు ఉండాలిగా? చేలకు వెళ్లే మట్టి దారి, పుంత, అందులోకి అది రాదు. వచ్చినా ఎకరం దమ్ముకు నాకొచ్చే కిరాయిలో సగం దానికే పోతుంది.

ఇక మిగిలింది కొత్తగా చేయించుకోవడం. ఏం చేయించాలో నాకు తెలుసు. తొట్టి నేలకు అడుగున్నర మించకూడదు, అప్పుడు ఆరడుగుల వాలు చెక్క చాలు. కానీ అంత కిందకు దించాలంటే చక్రాలు చిన్నవి వెయ్యాలి, చిన్న చక్రాలు మా పుంతల్లో దిగబడతాయి, తూముల దగ్గర అడుగు రాసుకుంటుంది. నాలుగు చక్రాలది స్థిరంగా ఉంటుంది కానీ ఇరుకు మలుపులో వెనక్కి నడపడం బ్రహ్మ తరం కాదు. ఆలోచించి ఆలోచించి చివరకు నాకు తట్టింది మన ఎడ్లబండే. పెంట తోలేటప్పుడు కాడి పైకెత్తితే బండి వెనక భాగం నేలకు ఆనేది, గుర్తుందా? తొట్టి అలా వాలేట్టు చేస్తే చెక్కలే అక్కర్లేదు. ట్రాక్టరు నెమ్మదిగా ఎక్కగానే దాని బరువుకే తొట్టి సమంగా వస్తుంది. ఓ కొక్కెం వేసి, చక్రాలకు అడ్డు పెట్టి, నాలుగు మూలలా గొలుసు బిగిస్తే సరి. వెల్డింగు మేస్త్రికి కాగితం మీద గీసి చూపించాను. "బాగానే ఉందండీ, కానీ ఇలాంటిది ఇంతవరకూ ఒక్కరూ అడగలేదండీ. రేపు నంబరు రాకపోతే నన్ను అనకండేం" అన్నాడు.

ఆయనన్నట్టే అయింది. చట్టం ప్రకారం ట్రైలరుకు కూడా రిజిస్ట్రేషన్ ఉండాలి, నంబరు కనపడాలి. ఆ నంబరు కోసం ఓ కార్యాలయానికి వెళితే తయారీదారు పత్రం ఏదన్నారు. మేస్త్రి చేశాడన్నాను. మేస్త్రికి అనుమతి ఉందా అన్నారు. ఎవరికి ఉందో చెప్పండి, అక్కడే చేయించుకుంటానన్నాను. అది మా సెక్షను కాదన్నారు. రాయితీ ఇచ్చే ఇంకో కార్యాలయంలో అడిగితే, మా జాబితాలో ట్రాక్టరుంది, రోటవేటరుంది, ట్రాక్టరును మోసే ట్రైలరు మాటే లేదని ఓ నవ్వు నవ్వి పంపారు. మూడు రోజులు, మూడు బస్సులు. అక్కడ వరసగా నిలబెట్టి ఉన్న ట్రక్కుల్లో వెనక ఎర్ర రిఫ్లెక్టరు ఉన్నది నేను లెక్కపెట్టినంతలో ఒక్కటే. వాటికి మాత్రం నంబర్లు వచ్చాయి.

రోడ్ల మీద ఇంత ప్రేమ ఉన్నవారు ఇంకొకటి కూడా చూడాలి. మా ఊరి నుంచి మెయిన్ రోడ్డుకు వేసిన తారు ఏడాది తిరక్కుండానే అప్పడంలా లేచింది. ఆ ముక్క మీద దమ్ము చక్రం పడలేదు, అటువైపు చేలే లేవు. రాత్రిళ్లు ఇసుక లారీలు తిరుగుతాయి. వాటిని తూచే కాటా ఎక్కడుందో మాకు ఎప్పుడూ కనపడలేదు. వెనకటికి ఓవర్సీయరు గారు సైకిలేసుకుని వచ్చి, కంకర మందం పుల్లతో కొలిచి మరీ బిల్లు రాసేవారు. ఇప్పుడు ఫొటో దిగి వెళుతున్నారు.

నేను అడిగేది పెద్దదేం కాదు. ప్రతి పుంత మొదట్లో మూడడుగుల ఎత్తున ఓ మట్టి దిబ్బ, ఒక పక్క నిటారుగా, రెండో పక్క పాతికడుగుల వాలుగా వేయించండి. ట్రక్కును నిటారు పక్కకు ఆనిస్తే ట్రాక్టరు నడుచుకుంటూ దిగి చేలోకి పోతుంది. ఊళ్లో కూడా అలాంటిది ఒకటి చాలు, ఎక్కించడానికి. అప్పుడు ఉన్న ట్రక్కులే సరిపోతాయి, నా ఎడ్లబండి ట్రైలరుకు నంబరు ఇవ్వమని ఎవరినీ వేధించను. నిధులు లేవంటారని తెలుసు. ఆ జాగా మీద ఒక్క సంతకం పెట్టివ్వండి చాలు, మట్టి మేమే తోలుకుంటాం. మట్టి తోలడానికైతే ట్రక్కు బ్రహ్మాండంగా పనికొస్తుంది.

ఇట్లు,
ఒక చిన్న రైతు,
కొత్తపేట మండలం, కోనసీమ జిల్లా