టికెట్ సంగతి

చిట్టితల్లీ,

నిన్న రాత్రి ఫోన్లో నువ్వడిగినదానికి వెంటనే జవాబు చెప్పలేకపోయాను. పార్టీ వాళ్లు టికెట్ ఇస్తామంటున్నారు, పత్రిక మానక్కర్లేదట, రెండూ చూసుకోవచ్చట. "తప్పేముంది నాన్నా?" అన్నావు. తప్పని నేనూ అనను. రెండూ చేసిన మహానుభావుడు ఒకాయన ఉన్నాడు, సీ.పీ. స్కాట్.

1872లో, పాతికేళ్ల వయసులో ఇంగ్లండ్‌లో మాంచెస్టర్ గార్డియన్ అనే పత్రికకు ఎడిటర్ అయ్యాడు. దిగింది 1929లో. యాభై ఏడేళ్లు! నేను డెస్క్‌లో ముప్ఫై ఏళ్లకే నడుం పట్టేసి ఇంటికొచ్చాను. తెల్లగడ్డం వచ్చాక కూడా ఆయన సైకిల్ మీదే ఆఫీసుకు వెళ్లొచ్చేవాడు.

1895లో లీ నియోజకవర్గం నుంచి లిబరల్ ఎంపీగా గెలిచాడు. సభ కోసం లండన్ వెళ్లినప్పుడు పత్రిక భారం చాలావరకు అక్కడే పనిచేసే సీ.ఈ. మాంటేగ్ మీద పడేది. ఆ మాంటేగే తర్వాత స్కాట్‌కు అల్లుడయ్యాడు. అంటే, రెండూ చూసుకోవడమన్నది వెనక ఇంకొకరు మోస్తేనే. నీ పేజీ ఎవరు మోస్తారో ఆలోచించావా?

అసలు పరీక్ష 1899లో వచ్చింది. దక్షిణాఫ్రికాలో బ్రిటన్‌కు బోయర్లతో, అంటే అక్కడ స్థిరపడ్డ డచ్ సంతతి వాళ్లతో, యుద్ధం. దేశమంతా ఊగిపోతోంది. లిబరల్ పార్టీ రెండుగా చీలింది. స్కాట్ పత్రిక మాత్రం ఈ యుద్ధం వద్దని రాస్తూ పోయింది. పాఠకులు పత్రిక మానేశారు. ఆయన ఇంటికి పోలీసు కాపలా పెట్టాల్సి వచ్చింది. అయినా 1900 ఎన్నికల్లో ఎలాగో గట్టెక్కాడు. 1906 తర్వాత మళ్లీ పార్లమెంటు జోలికి పోలేదు. ఎంపీగా ఆయన ఏం సాధించాడంటే నాకు చప్పున గుర్తుకు రాదు. పత్రికలో 1921లో రాసిన ఒక్క వ్యాసం మాత్రం మా డెస్క్‌లో అందరికీ కంఠతా వచ్చు. వ్యాఖ్యకు స్వేచ్ఛ ఉంది, వాస్తవాలు మాత్రం పవిత్రం అన్నాడు. ప్రత్యర్థుల గొంతుకు కూడా మిత్రుల గొంతుకున్నంత హక్కు ఉందని రాసింది అందులోనే. ఈ రెండో మాటను ఎవరూ పెద్దగా తలుచుకోరు.

ఇంకొకటి. ఓనరుగా ఉన్న మేనత్త కొడుకు 1905లో పోయాక పత్రిక చేజారిపోయేలా ఉంటే, 1907లో 2,42,000 పౌండ్లకు ఆయనే కొనేశాడు. ఇక పైనుంచి ఫోన్ చేసేవాడు లేడు. మనకు ఉన్నాడమ్మా. ఓ ఎన్నికల రాత్రి అచ్చుకు వెళ్తున్న పేజీలోంచి నా చేత్తోనే ఒక వార్త తీయించారు. ఖాళీలో ఎరువుల ప్రకటన పెట్టాం. ఆ ప్రకటన సైజు నాకిప్పటికీ గుర్తే.

ఇసుక లారీల మీద నువ్వు రాసినదానికి ఫాలోఅప్ ఇంకా మిగిలే ఉంది కదా? టికెట్ ఇస్తానన్న పెద్దాయన బావమరిది లారీలూ అందులో ఉన్నాయని నువ్వే చెప్పావు. ముందు అది రాసి డెస్క్‌కి పంపు. అచ్చయ్యాక కూడా వాళ్ల దగ్గర్నుంచి ఫోనొస్తే, అప్పుడు మాట్లాడుకుందాం.

నాన్న