మూర్ఛ రోగులు – యోగా శిక్షణ

సంపాదకులకు నమస్కారం.

ఒడిశాలోని మా పర్లాకిమిడి ప్రాంతంలో ఫిట్స్ వచ్చి పడిపోయిన మనిషి చేతిలో తాళాల గుత్తి పెట్టే అలవాటు ఇంకా పోలేదు. దానికి తోడు ఇప్పుడు ప్రాణాయామం చేస్తే మాత్రలతో పనిలేదన్న మాట కూడా వినిపిస్తోంది. నిద్రలేమి, మానసిక ఒత్తిడి చాలామందిలో ఫిట్స్‌ను రేపుతాయి గనుక, తేలికపాటి ఆసనాలు, ధ్యానం వాటిని తగ్గించినంత మేరకు రోగికి మేలు జరగవచ్చు. యోగా ఒక్కటే మూర్ఛను అదుపు చేస్తుందనడానికి మాత్రం గట్టి ఆధారాలు లేవు.

పైగా అన్ని ప్రాణాయామాలూ ఒకటి కావు. పిల్లలు ఉన్నట్టుండి కొన్ని క్షణాలు పలకకుండా శూన్యంలోకి చూస్తూ ఉండిపోయే రకం మూర్ఛను బయటపెట్టడానికే మెదడులోని విద్యుత్ తరంగాలను నమోదు చేసే ఈఈజీ పరీక్షలో వారిచేత మూడు నిమిషాల పాటు గట్టిగా, వేగంగా ఊపిరి తీయిస్తారు. భస్త్రిక అనే ప్రాణాయామం కూడా అలాంటి శ్వాసే కదా! ఈ సంగతి నేర్పేవారిలో ఎందరికి తెలుసో. శీర్షాసనంలో ఉండగా ఫిట్స్ వస్తే మెడకు ప్రమాదమని వేరే చెప్పనక్కరలేదు.

సరైన వైద్యం అందితే నూటికి 70 మంది వరకు ఫిట్స్ లేకుండా బతకవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మందులు ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ ఆగకుండా వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. కాబట్టి జూన్ 21 యోగా శిబిరాల నిర్వాహకులు మూర్ఛ ఉన్నవారి వివరాలను ముందే గోప్యంగా తెలుసుకునేలా, ఆ జాగ్రత్తలను ఒడియాతో పాటు తెలుగులోనూ అందించేలా చూడాలని గజపతి జిల్లా అధికారులను కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, పర్లాకిమిడి