పేచీ పెట్టే పిల్లాడికి ఇంట్లో ఒకే మాట వినపడాలి

ఎడిటర్ గారికి నమస్కారం.

బడులు తెరిచిన దగ్గర నుంచి ఎవరింటికి వెళ్ళినా ఒకటే గోడు వింటున్నాను. పిల్లాడు మాట వినడం లేదు, అడిగింది వెంటనే ఇవ్వకపోతే కింద పడి దొర్లుతున్నాడు, చెల్లిని కొడుతున్నాడు, చేతికందింది విసిరేస్తున్నాడు అని. పక్కనున్న పెద్దవాళ్ళ సలహా కూడా ఒకటే, "రెండు తగిలించు, వాడే దారికొస్తాడు." అంగన్‌వాడీలో మూడు నుంచి ఆరేళ్ళ పిల్లల మధ్యే ఏళ్ళ తరబడి పనిచేసిన మనిషిని. ఈ సలహా తప్పని గట్టిగా చెప్పడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను.

కొడితే ఆ పూటకి ఊరుకుంటాడు, నిజమే. కానీ బొమ్మ కావాలంటే చెల్లిని ఎలా అడగాలో ఆ దెబ్బ వాడికి చెప్పదు. కోపం వస్తే పెద్దవాళ్ళు చిన్నవాళ్ళను కొట్టొచ్చని మాత్రం చెబుతుంది, మర్నాడు వాడు చెల్లి మీద చేసేదీ అదే. బడిలో పిల్లల్ని కొట్టకూడదు, మానసికంగా వేధించకూడదు అని విద్యాహక్కు చట్టంలో 17వ సెక్షన్ ఉంది, 2010 నుంచి అమల్లో ఉంది. టీచరు చేయి చేసుకుంటే గేటు దగ్గర నిలదీసే తల్లిదండ్రులు ఇంట్లో అదే పిల్లాడి మీద బెల్టు తీయడం ఏం న్యాయం?

అసలు చిక్కు ఎక్కడుందంటే, ఇంట్లో ఒక్కొక్కరిది ఒక్కో మాట. అమ్మ ఫోను ఇవ్వనంటుంది. వాడు ఏడుపు అందుకుంటాడు. కాసేపటికి నానమ్మ "ఎందుకే వాణ్ణి ఏడిపిస్తావు, ఇచ్చెయ్" అంటుంది, లేదంటే సాయంత్రం నాన్న వచ్చి తన ఫోనే చేతిలో పెడతాడు. గట్టిగా ఏడిస్తే వస్తుందని పిల్లాడికి అర్థమైపోయింది. రోజూ ఇవ్వక్కర్లేదు, ఎప్పుడో ఒకరోజు ఇచ్చినా చాలు, ఈసారి కూడా ఇస్తారేమోనన్న ఆశతో ఇంకా ఎక్కువసేపు ఏడుస్తాడు. ఇక ఇవ్వకూడదని అందరూ నిర్ణయించుకున్నాక మొదటి కొన్నాళ్ళు ఏడుపు తగ్గదు, పెరుగుతుంది. ఇది ముందే తెలియక చాలామంది సరిగ్గా అక్కడే పట్టు వదిలేస్తారు. అప్పుడు ఇచ్చారంటే, ఇంత గోల చేస్తే తప్ప ఇవ్వరని వాడికి మనమే నేర్పినట్టు. కాబట్టి తాతయ్య, నానమ్మతో సహా అందరూ ముందు కూర్చుని మాట్లాడుకోండి, పిల్లాడి ఎదురుగా మాత్రం కాదు.

వాడు ఏడుస్తున్నప్పుడు క్లాసు పీకి లాభం లేదు, ఆ సమయంలో ఏ మాటా వాడి చెవికెక్కదు. దెబ్బ తగిలేవి పక్కకు తీసేసి, అరవకుండా దగ్గర్లో ఉండండి. శాంతించాక రెండు ముక్కల్లో చెప్పండి. మరోసారి ఏడవకుండా అడిగాడా, "ఎంత బాగా అడిగావు నాన్నా" అని అప్పుడే మెచ్చుకోండి. అడిగింది ఇవ్వగలిగినదైతే అప్పుడే ఇవ్వండి కూడా. చాలామంది మర్చిపోయేది ఇదే. ఆకలి, నిద్ర, కడుపునొప్పి సంగతి ముందు చూడండి. రాత్రి పదింటి దాకా ఫంక్షన్ హాల్లో తిప్పి, నిద్రకు తూలుతున్న పిల్లాడు బుద్ధిగా ఉండాలంటే ఎలా ఉంటాడు? ఫోను విషయంలో పిల్లల డాక్టర్ల సంఘం ఐఏపీ 2021లోనే చెప్పింది, రెండేళ్ళలోపు అసలు వద్దు, రెండు నుంచి ఐదేళ్ళ వరకు పెద్దవాళ్ళు పక్కనుండగా రోజుకు గంటకు మించొద్దు అని.

ఇంకో సంగతి. కొందరు పసివాళ్ళు ఏడుస్తూ ఏడుస్తూ ఊపిరి బిగబట్టి నీలంగా అయిపోతారు, స్పృహ కూడా తప్పుతుంది. ఇంట్లోవాళ్ళు హడలిపోయి, తాయెత్తు కట్టించి, ఇక వాడేది అడిగినా కాదనరు. ఆ వయసులో అది చాలావరకు ప్రమాదం లేనిదే, పెరిగేకొద్దీ పోతుంది, కానీ మొదటిసారి జరిగినప్పుడు డాక్టరుకు చూపించి తీరాలి. రక్తహీనత ఉన్న పిల్లల్లో ఇది ఎక్కువ, ఐరన్ మందుతో చాలామందికి తగ్గుతుంది. అలాగే పిలిస్తే పలకడం లేదని, మొండివాడని తిట్టే ముందు చెవులు పరీక్ష చేయించండి. మాటలు సరిగా రాని పిల్లాడు తనకేం కావాలో చెప్పలేక కొరుకుతాడు, రక్కుతాడు. ఆ కొరకడం చూసి "పొగరు" అనేస్తాం.

"ఉద్యోగం చేసే తల్లి పిల్లలు ఇంతే" అనే మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. పిల్లాడు బజార్లో ఏడిస్తే అందరి చూపూ తల్లి మీదే, తండ్రిని అడిగేవాడు లేడు. ఆ చూపులకు భయపడే చాలామంది ఆడపిల్లలు అక్కడికక్కడే చాక్లెట్ కొనిచ్చేస్తారు, లేదా చెంప మీద ఒక్కటిస్తారు. చుట్టూ ఉన్నవాళ్ళు చూడటం మానేసి తమ పని తాము చూసుకుంటే ఆ అమ్మాయికి సగం టెన్షన్ తగ్గుతుంది.

మీ పత్రికకు ఒక విన్నపం. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013లో మొదలైంది. దాని కింద వైద్య బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, సర్కారు బడులకు ఒకసారి వచ్చి పిల్లల్ని పరీక్షించాలి. వినికిడి, మాట, ఎదుగుదల, ప్రవర్తన అన్నీ ఆ పరీక్షలో ఉంటాయి, అవసరమైతే ఇలాంటి లోపాలకు చిన్నప్పుడే చికిత్స చేసే, జిల్లా కేంద్రంలోని డీఈఐసీ అనే కేంద్రానికి పంపుతారు, పైసా కట్టక్కర్లేదు. ఈ సంగతి తెలిసిన తల్లులు నాకు తారసపడింది చాలా తక్కువ, బృందం వచ్చిన రోజు పిల్లాడు ఇంట్లోనే ఉండిపోతే ఆ అవకాశం పోయినట్టే. కరెంటు కోత వేళలు వేస్తున్నట్టే, ఏ ఊరికి ఆ బృందం ఏ రోజు వస్తుందో కూడా జిల్లా పేజీలో వేయించండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ అంగన్‌వాడీ టీచర్,
తణుకు