చేర్చుకోవడంతో సహిత విద్య పూర్తి కాదు

సంపాదకులకు,

అయ్యా,

ముప్పై ఏళ్లు ప్రభుత్వ పాఠశాలల్లో తెలుగు పాఠం చెప్పి, ఇప్పుడు చంద్రగిరిలో విశ్రాంత జీవితం గడుపుతున్నాను. ప్రత్యేక అవసరాలున్న పిల్లల గురించి ఉపాధ్యాయుల మధ్య మాట వచ్చినప్పుడల్లా నేను విన్న జవాబు దాదాపు ఒకటే: "మా బడిలో చేర్చుకున్నామండీ, హాజరు కూడా వేస్తున్నాం." ఈ పిల్లలు మిగతా పిల్లలతో కలిసి చదువుకునే సహిత విద్యను మనం ప్రవేశాల రిజిస్టరుకే పరిమితం చేసుకున్నామన్నదే నా బాధ.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం సహిత విద్యకు ఇచ్చిన నిర్వచనంలో, వైకల్యం ఉన్న పిల్లలూ లేని పిల్లలూ కలిసి చదువుకోవడంతో పాటు, ఆ పిల్లల అవసరాలకు తగినట్టు బోధనను మార్చుకోవాలన్న మాట కూడా ఉంది. ఆ రెండో మాటను మనం, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రాల్లోని ప్రత్యేక ఉపాధ్యాయులకు, అంటే రిసోర్స్ టీచర్లకు వదిలేస్తున్నాం. వాళ్ల సేవ విలువైనదే, కానీ మన బడిలో చేరిన పిల్లవాడు రోజంతా కూర్చునేది మన తరగతిలోనే కదా.

ఈ తప్పు నేనూ చేశాను. ఏడో తరగతిలో చూపు బాగా మందగించిన ఒక అబ్బాయిని ముందు బెంచీలో కూర్చోబెట్టి నా బాధ్యత తీరిందనుకున్నాను. అతను పక్కవాడి నోటుపుస్తకాన్ని ముఖానికి ఆనించుకుని చూసి రాసుకుంటున్నాడని గమనించడానికి నాకు మూడు నెలలు పట్టింది. ఆ తర్వాత బోర్డు మీద రాసే ప్రతి వాక్యాన్నీ పైకి చదువుతూ రాశాను, ప్రశ్నలను పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి ఇచ్చాను, కొన్నింటికి నోటితోనే జవాబు చెప్పించుకున్నాను. దీనికి పైసా ఖర్చు కాలేదు. పైగా, చదవడంలో తడబడే వెనుక వరస పిల్లలు కూడా నా గొంతు వింటూ అక్షరాల వెంట వేలు పెట్టి చదవసాగారు.

ఆ చట్టం గుర్తించిన 21 రకాల వైకల్యాలలో కొన్ని కంటికి కనిపించవు. అక్షరాలను తారుమారు చేసే పిల్లను మనం సోమరి అంటాం. ఇలా చదవడం, రాయడం వంటి వాటిలో ఇబ్బంది పెట్టే అభ్యసన వైకల్యాన్ని వీలైనంత త్వరగా గుర్తించడం విద్యాసంస్థల విధి అని మాత్రం చట్టం చెబుతోంది. ర్యాంపు కట్టినంత మాత్రాన ఆ పిల్లకు ఒరిగేదేమీ లేదు.

కాబట్టి చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లోనూ, కార్వేటినగరం డైట్ (జిల్లా విద్యా శిక్షణ సంస్థ) వంటి ఉపాధ్యాయ శిక్షణ సంస్థల్లోనూ నిర్వచనాలు వల్లె వేయించడం తగ్గించి, తరగతిలో నిజంగా ఉన్న ఒక పిల్లవాడి కోసం రేపటి పాఠాన్ని ఎలా మార్చాలో తరగతి టీచరూ రిసోర్స్ టీచరూ పక్కపక్కన కూర్చుని రాసే పనిని తప్పనిసరి చేయాలని తిరుపతి, చిత్తూరు జిల్లాల విద్యాశాఖ అధికారులను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయిని,
చంద్రగిరి, తిరుపతి జిల్లా