టేజర్ పట్టుకున్న పోలీసు భద్రత మాటేమిటి?

సంపాదకులకు,

నిందితులను అదుపులోకి తీసుకునేటప్పుడు తుపాకీకి బదులు విద్యుత్ షాక్ ఇచ్చే టేజర్ వాడాలన్న చర్చ వచ్చినప్పుడల్లా, షాక్ తగిలినవారికి ఏమవుతుందన్న ప్రశ్నే ముందుకు వస్తుంది. అది న్యాయమైన ఆందోళనే. అయితే ఆ ఆయుధంతో ఎదురు నిలబడే కానిస్టేబుల్ ప్రాణం గురించి కూడా అంతే శ్రద్ధగా ఆలోచించాలని, పోలీసు శాఖలో పనిచేసి విరమించినవాడిగా కోరుతున్నాను.

టేజర్ నుంచి తీగలతో పాటు వెలువడే రెండు సూదులూ తగిలితేనే విద్యుత్తు ప్రసరిస్తుంది. వాటి మధ్య సుమారు అడుగు ఎడం లేకపోతే కండరాలు సరిగా బిగుసుకోవు, నొప్పి మాత్రమే కలుగుతుంది. వదులు కుర్తానో వానకోటో అడ్డుపడి ఒక సూది చర్మానికి బాగా ఎడంగా ఆగిపోయినా ప్రయోజనం ఉండదు. పాతబస్తీ ఇరుకు గల్లీలో కత్తి పట్టినవాడు నాలుగడుగుల దూరంలో ఉంటే, సూదులు విడివడేంత జాగా ఎక్కడిది?

అన్నీ కుదిరినా ఒక విడత షాక్ సాధారణంగా 5 సెకన్లే ఉంటుంది. ఆలోగా బేడీలు వేయడానికి ఇంకొకరు కావాలి, వారి చెయ్యి రెండు సూదుల మధ్య పడితే వారికీ షాక్ తగలవచ్చు. బైకుపై ఇద్దరే తిరిగే బ్లూ కోల్ట్స్ సిబ్బందిలో ఒకరు టేజర్, మరొకరు బేడీలు పట్టుకుంటే, సూదులు గురితప్పిన క్షణంలో వారికి కాపు కాసేదెవరు? అందుకే తప్పనిసరి పరిస్థితిలో తప్ప, మూడో వ్యక్తి చేరుకునేదాకా దీన్ని ప్రయోగించకూడదన్న నియమం ఉండాలి.

ఒంటిపై పెట్రోలు పోసుకుని బెదిరించేవారి దగ్గర దీన్ని పూర్తిగా నిషేధించాలి. ఒక్క నిప్పురవ్వ చాలు, వారితో పాటు పక్కనున్న పోలీసులూ మంటల్లో చిక్కుకుంటారు.

2021 ఏప్రిల్‌లో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో, 26 ఏళ్ల అనుభవమున్న కిమ్ పాటర్ అనే పోలీసు అధికారి ‘టేజర్’ అని అరుస్తూనే తుపాకీ పేల్చగా డాంటే రైట్ అనే 20 ఏళ్ల యువకుడు చనిపోయాడు, ఆమె జైలుకు వెళ్లారు. ఉద్రిక్తతలో చెయ్యి అలవాటైన వైపే వెళ్తుంది. కాబట్టి తుపాకీ ఒక పక్క, టేజర్ రెండో పక్క ఉంచుకోవడాన్ని తప్పనిసరి చేసి, హిమాయత్‌సాగర్ దగ్గరి పోలీసు అకాడమీలో ఇరుకు సందులను, మెట్లను, చీకటిని పోలిన చోట్ల ఏటా సాధన చేయించాలి. ఆ శిక్షణ పూర్తిచేయని వారెవరికీ ఈ ఆయుధం ఇవ్వవద్దని ఉన్నతాధికారులకు విన్నవించుకుంటున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత పోలీసు ఉద్యోగి,
మలక్‌పేట, హైదరాబాద్.